వెండి దుప్పటిలో గులాబీ రేకు

ఫిబ్రవరి 3, సోమవారం

కొత్త పని వచ్చింది. ఈసారి ఒకటి కాదు, జత. ల్యాబ్‌లో అందరూ పెద్దోడు, చిన్నోడు అంటున్నారు. కాగితాల మీద అక్షరాలూ అంకెలూ కలిపి వేరే పేరేదో ఉంది కానీ దాంతో ఎవరూ పిలవరు. రెంటినీ ఒకదాని మీద ఒకటి పెట్టినా మా ఇంటి కుట్టుమిషన్ అంత ఎత్తుండవు. ఇవే ఉపగ్రహాలంటే మా ఆయన ఇప్పటికీ నమ్మడు.

నా పని ఎప్పటిదే. దుప్పటి కుట్టడం. పైన ఎండ తగిలిన వైపు పెనంలా కాలుతుందట, నీడ వైపు గడ్డకట్టుకుపోతుందట. అందుకని వెండి కాగితంలాంటి పొరలు పేర్చి, మధ్య మధ్య వలగుడ్డ పరిచి, కుట్టి తొడుగుతాం. టెన్త్ చదివి జాకెట్లు కుట్టుకునేదాన్ని దేవుడు తెచ్చి ఇక్కడ కూర్చోబెట్టాడు.

ల్యాబ్‌ని నడిపే పెద్దాయన మీటింగ్ పెట్టి నాలాంటివాళ్ళకి కూడా అర్థమయ్యేలా చెప్పారు. పెద్దోడు ముందు పోతాడు, చిన్నోడు వెనక పోతాడు. పెద్దోడి వీపు మీద చిన్న దీపం, చిన్నోడి ముఖాన ఒక కన్ను. ఆ కన్ను దీపాన్ని చూస్తూ ఉండాలి. దూరం పెరిగితే చిన్నోడు కాస్త ఆవిరి ఊది ముందుకు జరగాలి, తగ్గితే వెనక్కి తగ్గాలి. ఇంతే అన్నారు. ఇంతే అనగానే వెనక వరసలో ఎవరో పకపకా నవ్వారు.

ఆవిరి ఊదే ఇంజిన్ చేసింది ఒక అమ్మాయి. అందరూ ఆవిరి పిల్ల అంటారు. ట్యాంకులో పోసేది మామూలు నీళ్ళే. నీళ్ళతో ఇంజినేమిటని మొదట్లో ఎగతాళి చేశారట. కన్ను చేసిన అబ్బాయి పేరు కన్ను. అతనికి సోడాబుడ్డి అద్దాలు. అందరికీ చూపు తెప్పించేవాడు ముందు నువ్వు తెప్పించుకోవయ్యా అని పిల్ల ఏడిపిస్తుంది. నన్ను పెద్దమ్మా అంటుంది. ఆ పిలుపు విన్నప్పుడల్లా నాకు కడుపు నిండినట్టుంటుంది.

ఫిబ్రవరి 7, శుక్రవారం

చిన్నోడి దుప్పటి పూర్తయింది. ఓవెన్‌లో ఆరబెట్టి తెచ్చి ఇచ్చారు, నేను చివరి అంచు కుట్టి మూసేశాను. కంటి చుట్టూ గుండ్రంగా కుట్టడం కష్టం. జాకెట్ మెడ కుట్టినట్టే, కాకపోతే ముడత పడకూడదు.

అంచు మూసేముందు రేకు పెట్టాను. పొద్దున ఇంట్లో దేవుడి దీపం దగ్గర పెట్టిన గులాబీలోది. ఎప్పటిలాగే గ్లౌజు లోపల అరచేతిలో పెట్టుకుని తీసుకెళ్ళాను. ఇప్పటిదాకా నా చేతి మీదుగా పోయిన ప్రతిదాంట్లోనూ ఒక రేకు ఉంది. ఎవరికీ తెలియదు. అవి ఒంటరిగా పోతాయి, తోడుగా ఏదైనా ఉండాలి కదా. క్లీన్‌రూమ్ అనే దుమ్ములేని గది తలుపు మీద బోర్డు ఉంది, పౌడర్ వద్దు, పెన్సిల్ వద్దు, కాగితం వద్దు అని. పువ్వు వద్దని లేదు.

ఫిబ్రవరి 12, బుధవారం

చిన్నోణ్ణి డ్రమ్ములో పెట్టారు. గాలంతా లాగేస్తారు, లోపల ఆకాశంలా అయిపోతుందట. దండం పెట్టుకుని వచ్చాను.

ఫిబ్రవరి 14, శుక్రవారం

కన్ను మసకబారింది. అబ్బాయి కాదు, చిన్నోడి కన్ను.

మొదట బాగానే చూసిందట. డ్రమ్ము అవతలి గోడ మీద పెట్టిన దీపాన్ని పట్టుకుందట. పోనుపోను ఒక దీపం రెండయింది, తర్వాత మబ్బయింది, తర్వాత ఏమీ లేదు. వేడి చేసి చూస్తే మళ్ళీ కనిపించింది. చల్లబరిస్తే మళ్ళీ మబ్బు. మంచు పట్టింది, నీళ్ళు ఎక్కణ్ణుంచో వస్తున్నాయి అన్నారు.

నీళ్ళు అనగానే అందరి తలలూ ఆవిరి పిల్ల వైపు తిరిగాయి. చిన్నోడిలో నీళ్ళున్నది ఆమె ట్యాంకులోనే. పిల్ల లేచి నిలబడి నా వాల్వ్ కారదండీ అంది. గట్టిగానే అంది. కూర్చున్నాక మాత్రం చేతులు ఒళ్ళో పెట్టుకుని వేళ్ళు నొక్కుకుంటూ ఉంది. 

ఫిబ్రవరి 15, శనివారం

సెలవు. మా ఆయనకి బస్సు డ్యూటీ మధ్యాహ్నం నుంచి. జరిగింది చెప్పాను. మా డిపోలో అయితే బస్సు కింద నీళ్ళు కనిపిస్తే ముందు రేడియేటర్ అంటాం, తీరా చూస్తే ఎవడో సీసా వదిలేసి ఉంటాడు అన్నాడు. నేను నవ్వాను. పాపం ఆ పిల్ల కోసం ఇంకో దీపం పెట్టాను.

ఫిబ్రవరి 18, మంగళవారం

అక్షరాలు సరిగ్గా రావడం లేదు.

కన్ను నా బల్ల దగ్గరికి వచ్చాడు, చిన్నోడి దుప్పటి ఎప్పుడు విప్పాలో మాట్లాడటానికి. ఊరికే అడిగాను, అంత కొంచెం నీళ్ళతోనే మంచు పట్టేస్తుందా బాబూ అని. అతనికి చెప్పడమంటే సరదా, స్టూలు లాక్కుని కూర్చున్నాడు. గాలి లేని చోట నీళ్ళు ఆగవండీ అన్నాడు. తడిగుడ్డ పెడితే పొయ్యి లేకుండానే ఉడికినట్టు ఆవిరైపోతుంది. ఆ ఆవిరి ఊరుకోదు, లోపల ఏది అన్నిటికంటే చల్లగా ఉంటే వెతుక్కుంటూ పోయి దాని మీద కూర్చుంటుంది. మా కన్నే అన్నిటికంటే చల్లన. మీ దుప్పటిని ఓవెన్‌లో పెట్టేది అందుకే కదా, పొరల్లో చెమ్మ ఉండకూడదని. ఆరబెట్టకపోయి ఉంటే ఈపాటికి అనుమానం మీ మీదే అని నవ్వాడు.

నేనూ నవ్వాను. నవ్వు ఎలా వచ్చిందో తెలియదు.

ఓవెన్ ఎందుకో ఇన్నాళ్ళూ నాకు తెలియదు. దుమ్మూ పురుగూ పోవడానికనుకున్నాను. ఓవెన్ నుంచి వచ్చాక పెట్టాను నేను రేకు. పొద్దున కోసిన పువ్వు. కంటి పక్క అంచులో.

పాతవాటిలోనూ పెట్టాను కదా అని మనసు పరుగెత్తింది. పాతవాటికి కన్ను లేదు. వాటికి చూడాల్సిన తోడు లేదు.

ఫిబ్రవరి 19, బుధవారం

ఒక గులాబీ రేకులో ఎన్ని నీళ్ళుంటాయి.

ఫిబ్రవరి 20, గురువారం

ఇవాళ చెప్పేస్తానని బయలుదేరాను. బస్సు దిగేదాకా మాటలు వరసగానే ఉన్నాయి.

మధ్యాహ్నం ఆవిరి పిల్ల తన డబ్బా తెచ్చుకుని నా పక్కన కూర్చుంది. తినలేదు, మూత తెరిచి మూసింది. దుప్పటి కింది సందులోంచి వాల్వ్ మూత మూడుసార్లు తీసి చూసిందట. గీత లేదు, చుక్క లేదు, సీల్ కొత్తదానిలా ఉందట. అవతలి గ్రూపులో ఒకడు ఇంజిన్ అడిగితే కుళాయి చేసి ఇచ్చావు అన్నాడట. ఆ మాటకి అందరూ నవ్వారట, తను కూడా నవ్విందట. అది చెబుతూ డబ్బాని పక్కకి నెట్టేసింది.

అప్పుడు అంది, పెద్దమ్మా, నాకు దండం పెట్టుకోవడం రాదు, నా తరఫున మీరు పెట్టండి అని. మీరు చెబితే వింటాడు అంది.

నేను ఆ పిల్ల చెయ్యి పట్టుకుని అలాగేనమ్మా అన్నాను.

అలాగేనమ్మా అన్నాను. ఇంకేమీ అనలేదు. నాలుక నా నోట్లోనే ఉంది, మాటలన్నీ నోట్లోనే ఉన్నాయి, కానీ ఆ చెయ్యి వెచ్చగా నా చేతిలో ఉంది. చెబితే లాక్కుంటుందనిపించింది.

ఫిబ్రవరి 24, సోమవారం, తెల్లవారుజాము

దీపం ముందు కూర్చున్నాను. రోజూ అడుగుతున్నాను, ఆ పిల్లని గట్టెక్కించు స్వామీ అని. ఎలా గట్టెక్కించాలో ఆయనకి తెలుసు, నాకూ తెలుసు. నేను చెప్పాల్సింది ఆయన్ని చెప్పమంటున్నాను. పక్కింటావిడ తన తప్పుని పనిమనిషి చేత చెప్పించినట్టుంది నా భక్తి.

మా ఆయనకి చెప్పాను, నిన్న.  నా బస్సులో అద్దానికి పువ్వు పెడతాను, ఏ బ్రేకూ ఫెయిల్ కాలేదు కదే అన్నాడు. నన్ను ఊరడించాలని. బస్సుకి కన్ను నువ్వే కదా, నీకు మంచు పట్టదు కదా అన్నాను. ఉద్యోగం తీసేస్తారా అని అడిగాడు. ఆ ప్రశ్న ముందే నాలో ఉంది. నేను అడక్కుండా దాచుకున్నదాన్ని ఆయన బయటపెట్టాడు, అంతే.

ఉద్యోగం ఒక్కటే కాదు. అక్కడ నన్ను చూడగానే అందరి ముఖాలూ మెత్తబడతాయి. పెద్దాయన సైతం నా ముందు గొంతు తగ్గిస్తారు. మంచిది, భక్తురాలు, పనిలో వంక పెట్టడానికి ఉండదు అనుకుంటారు. ఆ ముఖాలు పోతాయని నా భయం. ఇది రాయడానికి ఇన్ని రోజులు పట్టింది.

ఫిబ్రవరి 27, గురువారం

ఇవాళ చేసిన పని మొదటిదానికంటే చెడ్డది.

పిల్ల కొత్త సీల్ వేస్తానంది. అది సందులోంచి కుదరదు, చిన్నోడి దుప్పటి విప్పాలి. విప్పేదాన్ని నేనే. అంచు కుట్లు కత్తిరించి పొరలు తీశాను. రేకు అక్కడే ఉంది. గోధుమరంగులోకి తిరిగి, తూనీగ రెక్కలా పలచగా అయిపోయింది. ముట్టుకుంటే విరిగేలా ఉంది. దానిలోని నీళ్ళన్నీ ఎటు పోయాయో ఇంకెవరూ చెప్పనక్కర్లేదు.

పక్క బల్ల దగ్గర పిల్ల వీపు నా వైపు పెట్టి స్క్రూలు తీస్తోంది. పిలిస్తే చాలు. అమ్మా, ఇలా చూడు అంటే చాలు.

రేకుని గ్లౌజు లోపలికి జారవిడిచాను.

బయటి గదిలో గ్లౌజులు, మాస్క్ అన్నీ ఒక డబ్బాలో పడేయాలి. బట్టలిచ్చే ఆవిడ ఎదురుగా నిలబడి ఉంటుంది. దేవుడి దగ్గర పెట్టిన పువ్వుని చెత్తడబ్బాలో ఎలా వేస్తాను. ఆవిడ అటు తిరిగినప్పుడు మాస్క్ పక్కకి తీసి నోట్లో వేసుకుని మింగేశాను. రుచి ఏమీ లేదు. రబ్బరు వాసన.

ఇంటికి వచ్చి మా ఆయనకి చెబితే, ఇక గొడవే లేదుగా అన్నాడు. అవును, గొడవ లేదు అన్నాను. మళ్ళీ రేకు పెట్టను, ఈసారి టెస్ట్ బాగా వస్తుంది, పిల్ల గట్టెక్కుతుంది, నా సంగతి నాకూ దేవుడికీ మధ్య ఉంటుంది. బస్సులో వస్తూ ఇలా మొత్తం సర్దేశాను. బీరువా సర్దినట్టు.

మార్చి 5, బుధవారం

టెస్ట్ పాసయింది. కన్ను చివరిదాకా దీపాన్ని వదల్లేదు.

పిల్ల పరుగెత్తుకుంటూ వచ్చి నన్ను కావలించుకుంది. మీ ప్రార్థనే పెద్దమ్మా అంది.

మార్చి 7, శుక్రవారం

ఇలా అవుతుందని నేను ఆలోచించలేదు.

పాత సీల్‌తో ఫెయిల్, కొత్త సీల్‌తో పాస్. కాబట్టి వాల్వ్ కారిందనే తేల్చారు. రిపోర్టులో అదే రాశారు. ఇక మీదట ఒకటి కాదు రెండు వాల్వులు, ఒకదాని వెనక ఒకటి. దాని బరువు వల్ల ట్యాంకు చిన్నది చేయాలి. నీళ్ళు సగమే పడతాయి. అంటే పెద్దోడూ చిన్నోడూ అనుకున్న కాలంలో సగమే కలిసి ఎగురుతారు. నీళ్ళు అయిపోయాక చిన్నోడు వెనకబడిపోయి, దీపాన్ని చూస్తూ చూస్తూ దూరమైపోతాడు.

ఇంజిన్ పని ఇంకో ఇంజినీరుకి ఇస్తున్నారు. పిల్లని కాగితాల సెక్షన్‌కి మారుస్తున్నారు. కొన్నాళ్ళు ఊపిరి తీసుకో అన్నారట, మర్యాదగా.

అన్నిటికంటే నన్ను పొడిచింది ఆ పిల్ల మాట. వాళ్ళ తప్పేం లేదు పెద్దమ్మా, నాకే గర్వం ఎక్కువై నా వాల్వ్‌లో లోపం నాకు కనిపించలేదు అంది. కారని వాల్వ్ కారిందని చివరికి దాన్ని చేసిన మనిషే నమ్మేసింది. నేను రేకు ఒక్కటే మింగాననుకున్నాను.

మార్చి 10, సోమవారం

పెద్దాయన గదికి వెళ్ళి చెప్పాను. రేకు సంగతి, ఓవెన్ తర్వాత పెట్టిన సంగతి, తీసేసిన సంగతి, మింగిన సంగతి. కూర్చోమన్నా కూర్చోలేదు.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నేను తిట్టు కోసం తల వంచుకుని నిలబడ్డాను. ఆయన గొంతు ఇంకా తగ్గించి, మీ మనసు నాకు తెలుసమ్మా అన్నారు. ఆ అమ్మాయి అంటే మీకు ప్రేమ, అది ల్యాబ్ అంతటికీ తెలుసు, కానీ ఒకరి తప్పుని ఇంకొకరు నెత్తిన వేసుకుంటే పని నడవదు అన్నారు. పువ్వేదీ చూపించండి అన్నారు. లేదన్నాను. నవ్వారు, ఎంతో దయగా. రెండు రోజులు సెలవు తీసుకోండి అన్నారు. తలుపు దాకా వచ్చి సాగనంపారు.

నిజం చెప్పినందుకు నన్ను ఇంకా మంచిదాన్ని చేసి పంపించారు. దేవుడా, ఇదేం శిక్ష.

మార్చి 11, మంగళవారం

సెలవు తీసుకోలేదు. కాగితాల సెక్షన్‌లో పిల్ల కొత్త బల్ల దగ్గరికి వెళ్ళి అంతా చెప్పాను.

ఆమె వెంటనే నమ్మింది. ఒక్క ప్రశ్న కూడా అడక్కుండా నమ్మింది. అందుకే ఆ రోజు చెయ్యి పట్టుకుని మీరు నా ముఖం చూడలేదు అంది. తర్వాత, నా కోసం దండం పెట్టమన్నాను కదా, పెట్టారా అని అడిగింది. పెట్టానన్నాను. రోజూనా అంది. రోజూ అన్నాను. ఏమని చెప్పారు ఆయనకి, నన్ను కాపాడమనా, మిమ్మల్నా అంది.

బల్ల మీది ఫైలు అంచు సర్దాను.

నేను నా సొంత చేతుల్ని నమ్మడం మానేశాను, తెలుసా మీకు అంది. గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది. లేచి వస్తుంటే, వెళ్ళండి మేడమ్ అంది.

నన్ను అక్కడ ఎవరూ మేడమ్ అనరు.

మార్చి 13, గురువారం

పిల్ల పెద్దాయన దగ్గరికి కన్నుని వెంటపెట్టుకుని వెళ్ళిందట. పెద్దాయన వాళ్ళనీ నవ్వుతూనే పంపబోయారట. కన్ను మాత్రం లెక్క తెస్తానని చెప్పి నా దగ్గరికి వచ్చాడు. ఈసారి స్టూలు మీద కూర్చోలేదు. రేకు ఎంత ఉంటుంది, ఏ పొర కింద, కంటికి ఎంత దగ్గర అని అడిగాడు. జేబులోంచి ఒక గులాబీ తీసి, దీనిలో ఏ రేకంత అన్నాడు. చూపించాను. ల్యాబ్‌లోకి తీసుకెళ్ళి తూచాడు, ఆరబెట్టి మళ్ళీ తూచాడు. తిరిగి వచ్చి నీళ్ళు చాలు అన్నాడు. మంచు పట్టడానికి చాలు, ఎక్కువే అన్నాడు. నా బల్ల మీది దారపు ఉండని చేత్తో దొర్లిస్తూ, నేనే మీకు చెప్పాను కదండీ ఆ రోజు, ఇక్కడే కూర్చుని అన్నాడు. అవును బాబూ అన్నాను.

లెక్క సరిపోతే చాలదట. పెద్దాయన చూడాలట. పాత సీల్ మళ్ళీ బిగించి, అదే దుప్పటి వేసి, అదే చోట రేకు పెట్టి డ్రమ్ములో పెట్టాలి. మసకబారితే వాల్వ్ నిర్దోషి. అదే కుట్టు పడాలి కాబట్టి కుట్టాల్సింది నేనేనట. ఆ తర్వాత క్లీన్‌రూమ్‌లోకి నన్ను రానివ్వరు. స్టోర్‌లో నాకేదో పని చూస్తారట. అది సరైనదే.

సాయంత్రం చూశాను, తలుపు మీది బోర్డులో కింద కొత్తగా రాసి ఉంది, పువ్వులు వద్దు అని. చదివినవాళ్ళంతా ఆగి ఒకరినొకరు చూసుకుంటున్నారు. ఇప్పుడు అందరికీ తెలుసు. నన్ను చూడగానే మెత్తబడే ముఖం ఒక్కటీ లేదు. బట్టలిచ్చే ఆవిడ నా గ్లౌజులు తిరగేసి చూసింది. చూడనిచ్చాను.

మార్చి 19, బుధవారం

కుండీలో కోసిన పువ్వుని ఇవాళ దీపం దగ్గర పెట్టలేదు. నేరుగా తీసుకెళ్ళాను.

నా చుట్టూ అందరూ నిలబడి ఉండగా, గ్లౌజులోంచి కాదు, పళ్ళెంలోంచి రేకు తీసి పొరల మధ్య పెట్టి అంచు కుట్టాను. జీవితంలో అంత వంకర కుట్టు కుట్టలేదు. మధ్యలో ఆపి, అలా కుట్టకూడదు, ముందులా రావాలి అని పిల్ల అంది. విప్పి మళ్ళీ కుట్టాను. దండం పెట్టుకోబోయి ఆగాను. దేనికి పెట్టాలి, మసకబారమనా?

మసకబారింది. సాయంత్రానికల్లా ఒక దీపం రెండయింది, తర్వాత మబ్బు, తర్వాత ఏమీ లేదు. ఎవరో చప్పట్లు కొట్టారు, తర్వాత అందరూ కొట్టారు. పెద్దాయన పిల్ల దగ్గరికి వెళ్ళి ఏదో అన్నారు, ఆమె తల ఊపింది.

డ్రమ్ము తెరిచాక కుట్లు విప్పడానికి వంగాను. పిల్ల వచ్చి చెయ్యి చాపింది. కత్తెర ఇలా ఇవ్వండి అంది. మేడమ్ అనలేదు. పెద్దమ్మా అని కూడా అనలేదు. ఇచ్చాను. ఒక్కో కుట్టూ తనే విప్పి, రేకు తీసి నా అరచేతిలో పెట్టింది.